రోజ్‌వుడ్ మాండలిన్: డెబ్బై కిలోల బిగువు, ఇరవై గ్రాముల తేడా

మాండలిన్‌కు ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. వయొలిన్‌కు పాశ్చాత్య పద్ధతిలో కట్టే శ్రుతే దీనికీ కడతారు. లావు తీగల జత 196 హెర్ట్జ్ దగ్గర, ఆ తర్వాతి రెండు జతలు 293.7, 440 దగ్గర, చిట్టచివరి సన్న తీగల జత 659.3 దగ్గర మోగుతాయి. మెడ చివర ఉండే నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ మోగే పొడవు సుమారు 352 మి.మీ., అంటే మూరెడు కూడా లేదు. సన్న తీగ మందం పావు మిల్లీమీటరు. పొడవు, మందం, పౌనఃపున్యం తెలిస్తే ఉక్కు తీగ ఎంత బిగువు మీద ఉందో కాగితం మీదే తేలిపోతుంది. ఆ సన్న తీగ ఒక్కదానికే 8.7 కిలోల బరువు వేలాడదీసినంత బిగువు ఉంటుంది. మిగతా తీగల లెక్క కూడా ఇంచుమించు అక్కడికే వస్తుంది. ఎనిమిదీ కలిపితే దాదాపు 70 కిలోలు. ఆ లాగుడును రాత్రింబవళ్ళు ఓర్చుకునే వాద్యం బరువు మాత్రం కిలోకు అటూ ఇటూ.

కొత్త మాండలిన్ ఇంటికి రాగానే ఈ లెక్క ఎవరూ అడగరు. అందరూ అడిగేది చెక్క గురించే. కాల్హేర్‌లో మా ఇంటికి ఈ మధ్యే ఒక రోజ్‌వుడ్ మాండలిన్ వచ్చింది. థానే నుంచి కశేళీ వంతెన దాటి భివండికి పోయే దారిలో ఉంటుంది మా ఊరు. రోడ్డుకు అటూ ఇటూ గోదాములు, ఇంకాస్త ముందుకు పోతే మరమగ్గాల షెడ్లు. తెలంగాణ జిల్లాల నుంచి నేతపని మీద వచ్చిన పద్మశాలీ కుటుంబాలు భివండి పద్మనగర్‌లోనూ ఆ చుట్టుపక్కలా తరాలుగా ఉన్నాయి. పెట్టె విప్పాక చూడ్డానికి వచ్చినవాళ్ళంతా దాన్ని తిప్పి, వెనక పలక మీది ఊదా నలుపు చారలు వేలితో తడిమి, "అసలు రోజ్‌వుడ్డేనా?" అనే అడిగారు. నేతపనివాళ్ళు గుడ్డను ఎలా చూస్తారో చెక్కనూ అలాగే చూశారు. ప్రశ్న మంచిదే. కానీ వాద్యం విలువ తేల్చేది అది కాదని ఈ కథనంలో చెప్పబోతున్నాను.

ముందు చెక్క సంగతి. రోజ్‌వుడ్ అంటే మన అడవుల్లో జిట్రేగి అని, ఇరుగుడు అని పిలిచే చెట్టు. శాస్త్రీయ నామం డల్బెర్జియా లాటిఫోలియా. ఆరిన చెక్క ఘనమీటరుకు సుమారు 830 కిలోలు తూగుతుంది. టేకు 650 దగ్గర ఆగుతుంది. విదేశీ మాండలిన్లకు ఎక్కువగా వాడే గట్టి మేపుల్ 705, మనదే అయిన శీషం 770. అంటే జిట్రేగి వీటన్నిటికంటే బరువు. గట్టిదనంలోనూ ముందే ఉంటుంది. నున్నగా పనిచేస్తే అద్దంలా మెరుస్తుంది, చారలు కంటికి ఇంపుగా ఉంటాయి. ఈ గుణాలన్నీ నిజమే.

ఇప్పుడు వెనక పలక లెక్క చూద్దాం. మాండలిన్ బొజ్జ 25 సెం.మీ. వెడల్పు, 33 సెం.మీ. పొడవు ఉన్న కోడిగుడ్డు ఆకారం అనుకుంటే దాని వైశాల్యం దాదాపు 650 చదరపు సెం.మీ. పలక మందం రెండున్నర మి.మీ. జిట్రేగితో చేస్తే ఆ పలక 135 గ్రాములు తూగుతుంది, మేపుల్‌తో చేస్తే 115. తేడా 20 గ్రాములు. ధర చీటీ మీద రోజ్‌వుడ్ అన్న ఒక్క మాటకు మనం ఎంత ఎక్కువ ఇస్తున్నామో, ఆ డబ్బంతా తిరుగుతున్నది ప్రధానంగా ఈ 20 గ్రాముల చుట్టూ, ఆ చారల చుట్టూ.

మరి శబ్దం మారదా? ఈ విషయం మీద మాండలిన్లతో కాకపోయినా గిటార్లతో ఒక చక్కని ప్రయోగం జరిగింది. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒకే తయారీదారు చేత ఆరు గిటార్లు చేయించారు. అన్నీ ఒకే కొలత, ఒకే రకం పై పలక. వెనక పలక, పక్క చెక్కలు మాత్రం ఆరు రకాలు. వాటిలో బ్రెజిల్ రోజ్‌వుడ్, భారత రోజ్‌వుడ్, మేపుల్, మహాగని ఉన్నాయి. 52 మంది గిటారిస్టులకు ఏది ఏ చెక్కో కనబడకుండా చేసి వాయించమన్నారు. అరుదైన ఖరీదు చెక్కకూ మామూలు చెక్కకూ వాళ్ళు ఇచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2018లో ఆ ఫలితాలు అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో వచ్చాయి. వెనక చెక్క బొత్తిగా లెక్కలోకి రాదని దీని అర్థం కాదు. కొనేవాళ్ళ మనసులో దానికున్న స్థానమంత పెద్ద స్థానం చెవిలో లేదు, అంతే.

శబ్దాన్ని గాలిలోకి నెట్టేది పై పలక. దానికి సాధారణంగా స్ప్రూస్ వాడతారు. దాని బరువు ఘనమీటరుకు 400 కిలోల చిల్లర, అంటే జిట్రేగిలో సగమే. తీగలు బ్రిడ్జి మీద వంగి దిగుతాయి కదా, ఆ వంపు 16 డిగ్రీలున్నా పై పలకను కిందికి నొక్కే బలం 19 కిలోల పైనే ఉంటుంది. ఆ బరువుకు కుంగిపోకుండానే, పావు మిల్లీమీటరు తీగ అదిరితే తానూ అదిరేంత పలచగా ఆ పలక ఉండాలి. చేసేవాడి పనితనమంతా అక్కడే. అందుకని కొత్త వాద్యం చేతికొస్తే వెనక్కి తిప్పడం తర్వాత చేయండి. ముందు ధ్వని రంధ్రం అంచు దగ్గర పై పలక మందాన్ని చూడండి. చెక్క గీతలు పై ముఖం నుంచి అంచు మీదుగా లోపలికి ఒకే వరసలో పోతే అది ఒకే పలక. పొరలు పొరలుగా కనబడితే ప్లైవుడ్. వెనక పలకకూ ఇదే కిటుకు పనికొస్తుంది. బయట కనిపించే చార లోపల అదే చోట కనబడాలి.

రోజ్‌వుడ్ మీద ఇంకో మాట. 2017 జనవరి 2 నుంచి డల్బెర్జియా జాతి చెట్లు దాదాపు అన్నీ అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం రెండో జాబితా కిందికి వచ్చాయి. దాంతో సరిహద్దు దాటించే రోజ్‌వుడ్ గిటార్లకు కాగితాలు చూపాల్సి వచ్చి వాద్యకారులు, తయారీదారులు నానా అగచాట్లు పడ్డారు. 2019 నవంబర్ 26 నుంచి పూర్తయిన సంగీత వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. చెట్టుకు మాత్రం రక్షణ కొనసాగుతోంది. అది మంచి పని. ఈ చెట్టు చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. చాలా మాండలిన్లకు బ్రిడ్జి పలకకు అతికించి ఉండదు. తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. పార్సిల్‌లో కుదుపులకు అది జరుగుతుంది, లేదా కొట్లోనే ఎవరో అందాజుగా నిలబెట్టి పంపుతారు. మా ఇంటికి వచ్చినదాన్ని స్కేలు పెట్టి కొలిచాను. నట్ నుంచి 12వ మెట్టుకు 176 మి.మీ. ఉంది. 12వ మెట్టు నుంచి బ్రిడ్జికి కూడా అంతే, నిజానికి ఒక వీసం ఎక్కువే ఉండాలి. ఉన్నది 173. మూడు మిల్లీమీటర్ల కొరత. చూస్తే ఎవరికీ ఆనదు. లెక్క వేస్తే మాత్రం గుండె జారుతుంది. 440 హెర్ట్జ్ తీగను 12వ మెట్టు మీద నొక్కితే రెట్టింపు, అంటే 880 మోగాలి. ఈ కొరతతో 887.6 మోగుతుంది. సంగీతం కొలతలో 15 సెంట్ల తేడా. ఒక స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. మన 22 శ్రుతుల లెక్కలో అతి చిన్న మెట్టయిన ప్రమాణ శ్రుతి సుమారు 22 సెంట్లు. అందులో మూడింట రెండు వంతులు బ్రిడ్జి దగ్గరే పోయాయన్నమాట. షడ్జం శుద్ధంగా ఉండి తారస్థాయి షడ్జం పలుకుతప్పితే నేర్చుకునే పిల్లవాడి చెవి పాడవుతుంది. ఎంత సాధన చేసినా అది సర్దుకునేది కాదు.

దీన్ని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. తీగలు కొంచెం వదులు చేసి, బ్రిడ్జిని మెల్లగా వెనక్కి జరిపి, తీగను 12వ మెట్టు మీద తాకీ తాకనట్టు మీటినప్పుడు వచ్చే స్వరం, నొక్కి మీటినప్పుడు వచ్చే స్వరం ఒకటయ్యేదాకా సర్దాలి. మా దానికి సన్న తీగ వైపు 177 మి.మీ. దగ్గర కుదిరింది. లావు తీగ వైపు మరికాస్త వెనక్కి పోవాల్సి వచ్చింది. లావు తీగను నొక్కినప్పుడు బిగువు ఎక్కువ పెరుగుతుంది కనుక దానికి ఆ పొడవు కావాలి. తీగ ఎత్తు కూడా చూసుకోవాలి. 12వ మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య ఒకటిన్నర మి.మీ. ఉంటే వేళ్ళకు హాయి. రెండున్నర ఉంటే వేలికొసలు కోసుకుపోతాయి, స్వరం కూడా హెచ్చుతుంది. బ్రిడ్జికి రెండు పక్కలా ఉండే చిన్న చక్రాలు తిప్పితే దిగుతుంది. మన వీణకు 24 మెట్లూ మైనం మీద కూర్చుంటాయి. పలుకు తప్పితే మైనం కరిగించి మెట్టు జరుపుతారు. మాండలిన్ మెట్లు దిగ్గొట్టినవి, కదలవు. కాబట్టి సర్దుబాటు భారమంతా ఆ కదిలే బ్రిడ్జి మీదే పడుతుంది. ఇంత ముఖ్యమైన పనిని కొట్లో చేసి ఇవ్వడం తక్కువ. కొన్నవాళ్ళు అడగకపోవడమే అందుకు కారణం అనుకుంటాను.

జత తీగల సంగతి వేరు. 440 దగ్గర ఉండే జతలో ఒకటి ఇంకోదానికంటే రెండు సెంట్లు హెచ్చితే, తేడా అర హెర్ట్జ్. రెండు సెకన్లకోసారి శబ్దం ఉబ్బి తగ్గుతుంది, అది చెవికి తీయగానే ఉంటుంది. అయిదు సెంట్లు హెచ్చితే సెకనుకు ఒకసారికి పైగా ఊగి గరగరలాడుతుంది. కొత్త తీగలు మొదటి వారం సాగుతూనే ఉంటాయి కనుక రోజూ బిరడాలు తిప్పక తప్పదు.

తెలుగువాళ్ళ చెవికి మాండలిన్ రెండు దారుల్లో చేరింది. ఒకటి సినిమా. 1975లో బాపు తీసిన 'ముత్యాల ముగ్గు' నేపథ్య సంగీతంలో మాండలిన్ వాయించింది బొంబాయి సంగీత దర్శకుడు సజ్జాద్ హుస్సేన్. రెండోది, అన్నిటికంటే పెద్దది, ఉప్పలపు శ్రీనివాస్. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. ఆరేళ్ళ వయసులో తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ చేతిలోకి అందుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, ఈ పిల్లవాడు విని వాయించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబర్ 19న, 45 ఏళ్ళకే, చెన్నైలో మనల్ని వదిలి వెళ్ళిపోయారు.

రోజ్‌వుడ్ మాండలిన్ కొనేవాళ్ళలో ఎక్కువమంది శ్రీనివాస్ పేరు తలుచుకునే కొంటారు. ఆయన చేతిలో కచేరీల్లో మోగినది రోజ్‌వుడ్ పెట్టె కాదు. అసలు పెట్టే కాదు. లోపల బోలు లేని గట్టి చెక్క ఎలక్ట్రిక్ మాండలిన్. జతలు తీసేసి విడి తీగలు వేసుకున్నారు, నాలుగు జతల చోట అయిదు ఒంటి తీగలు. ఎందుకో అంకెలే చెబుతాయి. 12వ మెట్టు దగ్గర సన్న తీగను పక్కకు లాగి ఒక స్వరస్థానం పెంచాలంటే బిగువు 12 శాతం పెరగాలి. అందుకు తీగను సుమారు 8 మి.మీ. పక్కకు నెట్టాలి. నెట్టడానికి వేలు పెట్టాల్సిన బలం ఒక్క తీగకు 850 గ్రాముల దగ్గర. జత అయితే కిలో ఏడు వందలు. పైగా జతలో రెండూ సమానంగా సాగవు, శ్రుతి విడిపోతుంది. సన్నని మెడ మీద పక్క జత సెంటీమీటరు దూరంలోనే ఉంటుంది, 8 మి.మీ. నెట్టేసరికి దాని ఒళ్ళోకి పోతాం. ఇక తోడి రాగంలోని గాంధారానికి కావలసిన ఊపు ఎక్కడ పెట్టాలి?

రెండో చిక్కు నాదం నిలకడ. పలచని పై పలక తీగ శక్తిని గబగబా తాగేసి గాలిలోకి వదిలేస్తుంది. అందుకే బోలు మాండలిన్ గట్టిగా పలికి త్వరగా ఆరిపోతుంది. పాశ్చాత్యులు ఆ కొరతను ట్రెమొలోతో, అంటే ఒకే స్వరాన్ని సెకనుకు ఎనిమిదీ పదిసార్లు మీటి పూడ్చుకున్నారు. గట్టి చెక్క అయితే శక్తి తీగలోనే మిగులుతుంది, నాదం సాగుతుంది, చిన్నగా వచ్చే శబ్దాన్ని యాంప్లిఫయర్ పెంచుతుంది. ఆ సాగే నాదంలో గమకం బతుకుతుంది. కనుక కర్ణాటక సంగీతం నేర్చుకోవాలనే పిల్లవాడికి రోజ్‌వుడ్ పెట్టె మాండలిన్ కొనిపెడితే, అది ఎంత మంచిదైనా, దారి మొదట్లోనే కొండ పెట్టినట్టు. సినిమా పాటలు, జానపదాలు, పాశ్చాత్య బాణీలు వాయించుకోవడానికి మాత్రం ఇది అచ్చంగా సరిపోయే వాద్యం. ఎలక్ట్రిక్ కొనలేనివాళ్ళకు ఒక దారి ఉంది. ప్రతి జతలో ఒక తీగ తీసేయండి. బిగువు 70 నుంచి 35 కిలోలకు దిగుతుంది, శబ్దం తగ్గుతుంది, వేలు మాత్రం కదులుతుంది.

కాల్హేర్ వానల ఊరు కూడా. ఉల్లాస్ నది పక్కనే పారుతుంది. థానే ప్రాంతంలో ఏడాదికి 2,000 మి.మీ. పైమాటే వర్షం, దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. గాలిలో తేమ 50 శాతం ఉన్నప్పుడు చెక్కలో 9 శాతం నీరుంటే, 80 శాతం అయినప్పుడు 16కు పోతుంది. ఆ లెక్కన 25 సెం.మీ. వెడల్పు జిట్రేగి పలక ఒకటిన్నర మి.మీ. దాకా ఉబ్బగలదు. వార్నిష్ ఆ ఉబ్బును ఆలస్యం చేస్తుంది గాని ఆపలేదు. పై పలక లేచి తీగలు ఎత్తవుతాయి. ఏప్రిల్‌లో హాయిగా ఉన్న వాద్యం ఆగస్టులో బండబారిందంటే తప్పు చేతిది కాదు. పెట్టెలో సిలికా జెల్ సంచులు, ఒక చిన్న తేమ మీటరు ఉంచుకుని 45 నుంచి 55 శాతం మధ్య నిలపగలిగితే చాలు. గోడకు తగిలించే అలవాటు ఈ ఊళ్ళో వద్దు.

ఇంతా చేసి శబ్దం చేరాల్సింది చెవికి. కాల్హేర్‌లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ భాగమే. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, జీవితమంతా గడిపిన మా మామకు మాండలిన్ వినిపించాను. లావు తీగలు మీటినప్పుడు తల ఊపాడు. సన్న తీగల దగ్గరికి వచ్చేసరికి, "గిదేంది అల్లుడా, పైతీగ చప్పగున్నది?" అన్నాడు. పైతీగ చప్పగా లేదు. ఆ తీగ మూల పౌనఃపున్యం 659. దాని తళుకు మాత్రం దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుగా మోగే ఉపస్వరాల్లో ఉంటుంది. ఆరో రెట్టు 3,956 హెర్ట్జ్. పెద్ద చప్పుడు మనిషి చెవిని మొట్టమొదట తినేది సరిగ్గా 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కలే. మాటలు చాలాకాలం వినబడుతూనే ఉంటాయి కనుక పోయిన సంగతి మనిషికి తెలియదు.

సాంచెల షెడ్డులో చప్పుడు 95 నుంచి 100 డెసిబెల్స్ దాకా ఉంటుంది. మన ఫ్యాక్టరీ నిబంధనల పరిమితి 8 గంటలకు 90. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఇంకా కఠినంగా 85 అంటుంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగం చేయమంటుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మనిషి ఉండదగిన సమయం రోజుకు 15 నిమిషాలు. ఇక్కడి షిఫ్టు 12 గంటలు. నురగతో చేసిన చెవి బిరడాలు సరిగ్గా పెట్టుకుంటే 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గుతాయి. వాటి ధర ఒక తీగల సెట్టు ధరలో చిన్న ముక్క.

కాబట్టి కొనేవాళ్ళకు నా మాట ఇది. రోజ్‌వుడ్ నచ్చితే కొనుక్కోండి, అందానికి విలువ ఉంది. పై పలక ఒకే చెక్కో కాదో అంచు దగ్గర చూసుకోండి. డబ్బు ఇచ్చేముందు స్కేలు తీసి 12వ మెట్టుకు అటూ ఇటూ కొలవండి, బ్రిడ్జి సర్ది ఇమ్మని అడగండి. కర్ణాటక సంగీతం కోసమైతే ఒంటి తీగల ఎలక్ట్రిక్ వైపు పోండి. ఇంట్లో సాంచెల మీద పనిచేసే వాళ్ళుంటే మాండలిన్‌తో పాటే రెండు జతల చెవి బిరడాలు కొని వాళ్ళ చేతిలో పెట్టండి, ఒక సెలవు రోజు చూసి వాళ్ళను వినికిడి పరీక్షకు తీసుకుపోండి.